ఫ్రెంచి ‘సెక్త్’కు తెలుగు మాట: శాఖా, ముఠానా, పాషండమా?

ప్రశ్న: ఫ్రెంచి రాజకీయ నాయకుడు అలేన్ వివియెన్ గురించిన వ్యాసం అనువదిస్తున్నాను. ఆయన 1998 నుంచి 2002 వరకు నడిపిన ప్రభుత్వ సంస్థ పేరులో ‘సెక్త్’ అన్న మాట ఉంది, మనుషులను లొంగదీసుకునే ఆధ్యాత్మిక సంఘాన్ని నిందగా అలా అంటారు. ‘మతశాఖ’ అనవచ్చా? లేక ‘కల్ట్’ అనే ఉంచాలా?

జవాబు: ‘మతశాఖ’ వద్దండీ. శ్రీవైష్ణవంలోని వడగలై, తెంగలై కూడా శాఖలే. ఆ మాటలో నింద లేదు, ఫ్రెంచి ‘సెక్త్’లో ఉన్నదంతా నిందే. ‘కల్ట్’ మన సినిమా పేజీల్లో మెచ్చుకోలు అయిపోయింది. పైగా ఫ్రెంచిలో ‘క్యుల్త్’ అంటే మామూలు ఆరాధన. రాజ్యం ఏ ‘క్యుల్త్’నూ గుర్తించదని 1905 చట్టం చెప్పింది ఆ అర్థంలోనే.

సోషలిస్టు ఎంపీగా వివియెన్ 1983లోనే ప్రధాని మొరువాకు ‘సెక్త్’ల మీద నివేదిక రాశారు. ఇవి నైతిక స్వేచ్ఛకు రూపాలా, మనుషులను ఆడించే సాధనాలా అని దాని శీర్షికే ప్రశ్నించింది. ఆ తర్వాత విదేశాంగ సహాయమంత్రి అయ్యారు. 1994లో స్విట్జర్లాండ్, కెనడాలలో ‘సోలార్ టెంపుల్’ అనే రహస్య ఆధ్యాత్మిక సంఘం సభ్యులు 53 మంది చనిపోవడంతో ఫ్రాన్స్ వణికింది. మరుసటి ఏడాది పార్లమెంటు సంఘం 170కి పైగా ‘సెక్త్’ల పేర్లతో జాబితా ఇచ్చింది. 1998లో వివియెన్‌కు అప్పగించిన సంస్థ పేరుకు నేరుగా ‘సెక్త్‌లతో పోరాటం’ అనే అర్థం. ప్రశ్నార్థకం పోయింది. కాబట్టి ఇక్కడ మాటను మెత్తబరచకండి, ‘ఆధ్యాత్మిక ముఠాలు’ అనండి.

2002లో ఆయన రాజీనామా చేశాక దాని స్థానంలో వచ్చిన ‘మివిల్యూద్’ పేరు వేరు. అందులో ఉన్నది ‘దెరీవ్ సెక్తేర్’ (సెక్త్ తరహా పెడధోరణి), అంటే సంఘం కాదు, నడత. 2001 నాటి అబూ-పికార్ చట్టం కూడా ‘సెక్త్’ను నిర్వచించలేదు. మనిషి నిస్సహాయతను మోసంతో వాడుకోవడాన్ని శిక్షించింది. జాబితాల మీద ఆధారపడవద్దని 2005లో ప్రధాని రఫరాన్ అధికారులకు సర్క్యులర్ పంపారు. నా దృష్టిలో ఈ మార్పు న్యాయమైనది. ఒకరి నమ్మకానికి ముద్ర వేయడం సర్కారు పని కాదు, బాధితుణ్ణి కాపాడటం దాని పని. రెండు సంస్థలకూ ఒకే తెలుగు మాట వాడితే పాఠకుడికి ఆ మలుపు తెలియదు.

మరొకరు: మనకు ‘పాషండం’ ఉంది కదా?

జవాబు: మంచి మాటే, కానీ దానికి రెండు జన్మలు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్న అశోకుడి 12వ శాసనంలో రాజు అన్ని ‘పాసండ’లనూ గౌరవిస్తాడు. అక్కడ అది ఏ మతానికైనా చెల్లే మాట. తర్వాతి కాలంలో పాషండుడంటే వేదబాహ్యుడు, తిట్టు. ఇది ఎవరు ఏం నమ్ముతున్నారని చూసే మాట, ఎవరిని ఎలా లొంగదీస్తున్నారని కాదు. మివిల్యూద్ వైద్యం పేరిట, వ్యక్తిత్వ వికాసం పేరిట జరిగే మోసాలను కూడా చూస్తుంది, కాబట్టి దాని పేరులోకి ‘మతం’ అసలు రాకూడదు. ‘ముఠా తరహా పెడధోరణులు’ అని రాయమంటాను.