విజయనగరం మీద 150 మాటల కథ: ఊరి మాట వాడితే తప్పా?

మూడులాంతర్ల అమ్మాయి
మన విజయనగరం మీద 150 మాటలకు మించకుండా కథ రాయమని ఒక పోటీ పెట్టారు. ఊరి ఆత్మ కనిపించాలన్నారు. నేను పైడితల్లి అమ్మవారి పండగ సిరిమానోత్సవం గురించి రాశాను. విజయదశమి తర్వాత మంగళవారం, కోట ముందు ఇసకేస్తే రాలనంత జనం. అమ్మమ్మ నన్ను చంకనెత్తుకుని నిలబడింది. పైన మాను (చెక్కిన పొడవాటి దుంగ) చివర పూజారి, కింద నుంచి జనం విసిరే అరటిపళ్ళు. అమ్మమ్మ నా రెండు చేతులూ కలిపి పట్టుకుని "మాను కదిల్నాదే గుంటా, దండమెట్టు" అంది. ఆ ఒక్క మాట కోసమే కథంతా రాశాను.

నిన్న కథ తిరిగొచ్చింది. ప్రామాణిక భాషలోనే ఉండాలన్నది నియమమట. అమ్మమ్మ మాట కొట్టేసి, పక్కన ఎర్ర అక్షరాలతో "చెట్టు కదిలింది పాపా, నమస్కరించు" అని దిద్దారు. 'గుంటా' కింద గీత గీసి "తిట్టు?" అని అడిగారు. చూడగానే ఏడుపొచ్చింది. ఊరి మీద పెట్టిన పోటీలో ఊరి మాటకి చోటు లేదా?

రిటైరైన తెలుగు మాస్టారు
అమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ ఆ నియమం ఊరికే పెట్టలేదు. ఈ కథలు అనంతపురం వాళ్ళూ చదువుతారు, ఖమ్మం వాళ్ళూ చదువుతారు. నవలైతే పది పేజీలు తిరిగేసరికి యాస అలవాటవుతుంది. 150 మాటల్లో ఒక్క మాట తెలియకపోయినా కథ చేజారిపోతుంది.

ఇంకో సంగతి. యాస అనగానే అందరూ మన గిడుగు రామమూర్తి గారి పేరెత్తుతారు. ఆయన పోరాడింది శిష్టవ్యావహారికం కోసం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడుకునే భాష కోసం. ఏ ఊరివాళ్ళు ఆ ఊరి యాసలో రాసుకోమని ఆయన అనలేదు.

నెల్లిమర్ల నుంచి
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. అదే గిడుగు వారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే పాఠాలు రాశారు కదా! ఇక ఆయనతో కలిసి ఈ ఊళ్ళోనే చదువుకున్న గురజాడ సంగతి చూడండి. కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో, మన విజయనగరంలోనే. గిరీశం నోట ఇంగ్లీషు ముక్కలు దొర్లుతాయి, పనివాడు అసిరిగాడి నోట అసిరిగాడి మాటే వస్తుంది. వాడి చేత పంతుళ్ళ భాష మాట్లాడిస్తే నాటకం నిలిచేదా?

మా నాన్న జూట్‌ మిల్లులో పనిచేశారు. షిఫ్టు దిగి వచ్చి, అరుగు మీద కూలబడి "అలిసిపోనానురా" అనేవారు. దాన్ని 'అలసిపోయాను' అని రాస్తే అరుగు మీద కూర్చున్నది మా నాన్న కాదు, వేరే ఎవరో.

అయ్యకోనేరు గట్టు
నేను మాస్టారి వైపే, కానీ నా కారణం వేరు. అసలు విజయనగరం మాట అంటే ఏది? మా గట్టు మీద ఒకలా మాట్లాడతారు, పూసపాటిరేగ దగ్గర సముద్రం ఒడ్డున ఇంకోలా, పార్వతీపురం వైపు మరోలా. పైగా యాస ఒప్పుకుంటామనగానే ప్రతి వాక్యంలో ఒక 'ఏటి' తగిలించి పంపేవాళ్ళు తయారవుతారు. సినిమాల్లో మన మాట వినపడగానే హాల్లో నవ్వుతారు. అది చూసి నేర్చుకున్న యాస మన పోటీలోకి కూడా రావాలా? నాకైతే ఒళ్ళు మండుతుంది.

నెల్లిమర్ల నుంచి
దొంగ యాస రాసినవాళ్ళని తీసేయండి. దాని కోసం అసలు మాటని ఎందుకు కొట్టేయడం?

బొబ్బిలి పాఠకుడు
చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అసలు మాటల లెక్కే నాకు తేడాగా ఉంది. 'దండమెట్టు' ఒక మాట, 'దండం పెట్టు' రెండు మాటలు. 'వచ్చేస్తున్నానన్నాడు' కలిపి రాస్తే ఒకటి, 'వచ్చేస్తున్నాను అన్నాడు' అని రాస్తే రెండు. తెలుగులో మాటలు లెక్కపెడితే సంధులు కలిపేసినవాడికే లాభం. మాటలు కాకుండా అక్షరాలు లెక్కపెట్టమనాలి. క్లుప్తత నేర్చుకోవాలంటే చాసో (చాగంటి సోమయాజులు) కథలు చదివితే చాలు. విజయనగరంలోనే ఉండి రాశారు, ఒక్క మాట తీసేద్దామన్నా దొరకదు.

రిటైరైన తెలుగు మాస్టారు
రాత్రంతా ఆలోచించాను. రెండు విషయాల్లో నిర్వాహకులదే తప్పు. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆడపిల్లని గుంట అంటాం, మగపిల్లాడిని గుంటడు అంటాం. ముద్దుగానూ అంటాం, మామూలుగానూ అంటాం. వేరే జిల్లాలో గుంట అంటే గొయ్యి కాబట్టి వాళ్ళకి తట్టలేదు. పోనీ, అది అడిగి తెలుసుకోవచ్చు.

'చెట్టు' అని దిద్దడం మాత్రం ఘోరం. ఇది యాస సంగతే కాదు. అమ్మవారు చూపించిందని నమ్మే చింతచెట్టుని కొట్టి, తెచ్చి, చెక్కాక అది సిరిమాను అవుతుంది. చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగేది మాను. కదిలే చెట్టు ఎక్కడైనా ఉందా? ఈ ఊరి పండగ తెలియనివాళ్ళు ఈ ఊరి కథ దిద్దకూడదు.

అయినా నా మాట మీదే ఉన్నాను. కథ చెప్పే వాక్యాలు అందరికీ తెలిసిన భాషలో ఉండాలి. మనుషుల నోట వచ్చేది వాళ్ళ భాషలో ఉండనీ.

అయ్యకోనేరు గట్టు
అలాగైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ కథకుడే ఆ మాట మాట్లాడే మనిషైతే? అప్పుడు ఏం చేస్తారు మాస్టారూ?

రిటైరైన తెలుగు మాస్టారు
దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడులాంతర్ల అమ్మాయి
అందరికీ థాంక్స్. నా కథలో చెప్పే వాక్యాలన్నీ మామూలు భాషలోనే ఉన్నాయి. యాస ఉన్నది ఆ ఒక్క మాటలోనే. మాను ఎందుకు చెట్టు కాదో మాస్టారు చెప్పిందంతా ఉత్తరంలో రాసి, అమ్మమ్మ మాట ఉన్నదున్నట్టుగా పెట్టి, రేపు మళ్ళీ పంపిస్తున్నాను. ఒప్పుకోకపోతే కథ వెనక్కి తీసేసుకుంటాను. అమ్మమ్మకి ఇప్పుడు చూపు ఆనడం లేదు, నేనే చదివి వినిపించాలి. "నమస్కరించు" అని చదివితే ఎవరన్నారే అని నన్నే అడుగుతుంది.