బాల్డర్ చావుకి కారణం లోకి అయితే, ముందు హోడ్‌ని ఎందుకు చంపారు?

ఉత్తరగాలి (ప్రశ్న):
నార్స్ (పాత స్కాండినేవియా) దేవతల్లో పెద్దదేవుడు ఓడిన్ కొడుకు బాల్డర్ కథ గురించి రెండు సందేహాలు. బాల్డర్ జోలికి రాబోమని అన్నిటిచేతా ఒట్టు వేయించుకున్న అతని తల్లి ఫ్రిగ్, మిజిల్‌టో అనే ఆ బదనికని ఎందుకు వదిలేసింది? ఆ కొమ్మ విసిరి బాల్డర్ని చంపిన గుడ్డి హోడ్‌కి ఏ పాపం తెలీదు కదా, మరి అతన్ని చంపి, పన్నాగం పన్నిన లోకి అనే దేవుణ్ణి అప్పటికి వదిలేయడమేంటి?

రాగిపలక:
మొదటిదానికి ఐస్‌లాండ్ రచయిత స్నోరి 1220 ప్రాంతంలో రాసిన ఎడ్డా అనే పురాణకథల పుస్తకంలో సూటిగా జవాబుంది. నిప్పు, నీరు, ఇనుము, రాళ్ళు, చెట్లు, రోగాలు, జంతువులు, పాములు, విషం అన్నీ బాల్డర్‌కి హాని చేయబోమని ఫ్రిగ్‌కి మాటిచ్చాయి. ఓడిన్ భవనం వల్‌హాలాకి పడమటి దిక్కున మొలిచిన ఈ మొక్క మరీ లేతది, ఒట్టు వేసే వయసు కాదని ఆమే వదిలేసింది. లోకి ఆడవేషంలో వెళ్ళి ఆ సంగతి ఆమె నోటితోనే చెప్పించాడు. బాల్డర్‌ని నిలబెట్టి అందరూ ఆయుధాలు విసురుతూ సరదా పడుతుంటే, హోడ్ ఆ గుంపు అంచున ఊరికే నిలబడ్డాడు. కనిపించదు, చేతిలో ఏమీ లేదు. లోకి అతని చేతికి ఆ కొమ్మ ఇచ్చి, ఎటు విసరాలో చూపించాడు. ఆ దెబ్బకే బాల్డర్ చచ్చిపోయాడు.

అక్కడే లోకి మీద పడకపోవడానికి కారణం కూడా స్నోరి చెప్తాడు: అది రక్తం చిందించకూడని పవిత్ర స్థలం.

పాతతాళం:
రెండో ప్రశ్నలో ఒక చిక్కుంది. ఇప్పటి పుస్తకాలు వేర్వేరు కథనాలని కలిపి కుట్టేస్తాయి. హోడ్ మీద ప్రతీకారం ప్రధానంగా పాత పద్యాల్లోది. 'బాల్డర్ కలలు' పద్యంలో ఓడిన్ మారుపేరుతో వెళ్ళి చనిపోయిన సోదెగత్తెని లేపి అడిగితే, రిండ్ అనే ఆమెకి పుట్టే ఓడిన్ కొడుకు వాలి ఒక్కరాత్రి వయసులోనే పగ తీరుస్తాడని, అందాకా చెయ్యి కడుక్కోడని, తల దువ్వుకోడని చెప్తుంది. అందులో బాల్డర్ చావు విషయంలో లోకి ఊసే లేదు. అదే స్నోరి బాల్డర్ కథ చెప్పేచోట వాలి పగ ప్రస్తావన తేడు, శిక్ష మొత్తం లోకికే వేస్తాడు.

ఇంకో తిరకాసు: లోకి కొడుక్కి కూడా స్నోరి వాలి అనే పేరే పెట్టాడు. దేవతలు ఆ వాలిని తోడేలుగా మారిస్తే, అతను తన తోబుట్టువునే చీల్చేశాడు. ఆ పేగులతోనే లోకిని మూడు బండలకి కట్టారు. ఇద్దరు వాలీలనీ కలిపేసుకుంటే కథ తలకిందులవుతుంది.

ఉత్తరగాలి:
అంటే పద్యాల్లో లోకి నిర్దోషా?

పాతతాళం:
అలా కాదు. 'లోకసెన్న' అనే పాత పద్యంలో లోకి విందు మధ్య ఫ్రిగ్ మొహం మీదే, బాల్డర్ ఇక నీ ఇంటికి రాకపోవడానికి కారణం నేనే అంటాడు. కానీ ఎలా చేశాడో చెప్పడు. ఆ పద్యం చివరి వచనంలో అతన్ని కట్టేసింది కూడా ఆ విందులో తిట్టిన తిట్ల తర్వాతే. బాల్డర్‌ని తిరిగి పంపాలంటే లోకమంతా ఏడవాలని చచ్చినవాళ్ళ లోకాన్ని ఏలే హెల్ షరతు పెట్టినప్పుడు, ఏడవనన్న రాక్షసి థోక్ ఉంది చూడండి, ఆమె లోకియే అని జనం అనుకుంటారు అన్నంతవరకే స్నోరి కూడా ఆగాడు.

రాగిపలక:
ఇదే తరహాలో ఇంగ్లిష్ పాతకావ్యం 'బేవుల్ఫ్'లో ఒక ఘట్టముంది. రాజు హ్రెథెల్ పెద్దకొడుకు హెరెబాల్డ్‌కి తమ్ముడు హాత్‌కిన్ వేసిన బాణం గురితప్పి తగులుతుంది. కొడుకు చావుకి పగ తీర్చాలి, తీర్చాల్సింది ఇంకో కొడుకు మీద. ఎటూ చేయలేక రాజు దిగులుతోనే పోతాడు. ఓడిన్‌దీ ఇదే ఇరకాటం, ఎందుకంటే స్నోరి లెక్కలో హోడ్ కూడా అతని కొడుకే. అందుకే పగ కోసం ప్రత్యేకంగా ఇంకో కొడుకుని కన్నాడు. హోడ్‌కి తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది అక్కడ ఎవరూ తూచరు. రక్తం పడింది, బదులు రావాలి, అంతే.

డెన్మార్క్‌లో సాక్సో అనే చరిత్రకారుడు 1200 ప్రాంతంలో రాసిన కథలో అయితే హోడ్ గుడ్డివాడు కాదు, దిక్కులేనివాడూ కాదు. నాన్నా అనే అమ్మాయి కోసం బాల్డర్‌తో పోటీపడి, ప్రత్యేకమైన కత్తితో కావాలనే పొడుస్తాడు. లోకి ఆ కథలోనే లేడు.