బ్రూక్స్ అండ్ డన్ కాన్సర్ట్ రాత్రి మన స్టాండ్: 14 మంది వాలంటీర్లు కావాలి

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్, ఫ్రిస్కో:
అందరికీ నమస్కారం. మన సంఘం దీపావళి వేడుకకి తీసుకునే హాల్ అద్దె ఈసారి పెంచేశారు. ప్రతిసారీ అవే నాలుగు రియల్ ఎస్టేట్ ఆఫీసుల చుట్టూ స్పాన్సర్‌షిప్ కోసం తిరగడం నాకైతే విసుగొచ్చింది. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల అరీనాల్లో (పెద్ద ఇండోర్ స్టేడియాల్లో) ఆటలు, కాన్సర్టులు ఉన్న రోజుల్లో తిండి స్టాండ్లు చాలాచోట్ల మనలాంటి నాన్-ప్రాఫిట్ సంస్థల వాలంటీర్లే నడుపుతారు, చర్చి గ్రూపులు, హైస్కూల్ బ్యాండ్ పిల్లల అమ్మానాన్నలు, అలా. అమ్మకాల్లో కొంత శాతం ఆ సంస్థకి ఇస్తారు. మన 501(సి)(3) లెటర్ (నాన్-ప్రాఫిట్ అని ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు), డబ్ల్యూ-9 (ట్యాక్స్ నంబర్ ఫారం) పంపించాం, అరీనా వాళ్లు ఓకే అన్నారు. వచ్చే నెల మూడో శనివారం, బ్రూక్స్ అండ్ డన్ షో. ట్యాక్స్ పోను మనకి 10 శాతం. 14 మంది రావాలి, ఒక్కరు తగ్గినా మన వాటాలో కోత పెడతారు, కాబట్టి "చూస్తాను", "ట్రై చేస్తాను" అనే వాళ్లు దయచేసి షీట్‌లో పేరు రాయొద్దు.

ఎవరీ బ్రూక్స్ అండ్ డన్ అని కమిటీలో సగం మంది అడిగారు కాబట్టి చెబుతున్నా. కంట్రీ మ్యూజిక్‌లో (అమెరికా పల్లె పాటల నుంచి పుట్టిన సంగీతం) జంట అంటే ముందు వీళ్ల పేరే చెబుతారు. కిక్స్ బ్రూక్స్‌ది లూయిజియానాలోని ష్రీవ్‌పోర్ట్, రోనీ డన్ మన టెక్సస్‌లోనే కోల్మన్‌లో పుట్టాడు. ఎవరికి వారు పాడుకుంటూ ఎదుగూ బొదుగూ లేకుండా ఉన్న ఇద్దరినీ నాష్‌విల్‌లో అరిస్టా రికార్డు కంపెనీ పెద్ద టిమ్ డుబాయిస్ కలిపాడు. 1991లో మొదటి ఆల్బం వచ్చింది, అందులోంచి వరసగా నాలుగు పాటలు కంట్రీ చార్టులో నంబర్ వన్. 2010లో ఇదే ఆఖరి టూర్ అని చెప్పి విడిపోయారు, 2015లో కంట్రీ గాయని రీబా మెకెంటైర్‌తో కలిసి లాస్ వేగాస్‌లో మళ్లీ మొదలుపెట్టారు. 2019లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, అదే ఏడాది పాత పాటల్నే కొత్త తరం గాయకులతో కలిసి మళ్లీ రికార్డు చేశారు, దాంతో కాలేజీ పిల్లలకీ ఎక్కేసింది. మనకి కావాల్సింది ఈ చివరి ముక్కే. ఆ రోజు క్యూలో రెండు రకాల వాళ్లుంటారు, తొంభైల్లో ఈ పాటలకి బార్లలో డాన్స్ చేసినవాళ్లు, ఐడీ పట్టి పట్టి చూడాల్సిన వయసు పిల్లలు. ఇద్దరూ బీరే కొంటారు.

యూత్ కమిటీ:
అన్నా నేను రెడీ. షో చూడనిస్తారా?

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్:
వినపడుతుంది తమ్ముడూ, కనపడదు. స్టాండ్ బయట నడవాలో ఉంటుంది. ఫ్రీగా కాన్సర్ట్ చూడొచ్చనే ఆశతో వచ్చేవాళ్లు ముందే టికెట్ కొనుక్కుని వేరే రోజు వెళ్లడం మంచిది, మధ్యలో ఒక్క పాట చూసొస్తానని పోయి ఇరవై నిమిషాలకి కూడా తిరిగిరాని వాళ్లతో వేగలేం.

అసలు ఇలాంటి టూర్ షో ఎలా నడుస్తుందో తెలిస్తే పని తేలిక. పెద్ద ఆర్టిస్టులు మొదట రారు. ముందు ఒకరో ఇద్దరో చిన్న ఆర్టిస్టులు పాడతారు, తర్వాత స్టేజీ మీద వాళ్ల డ్రమ్ములూ యాంప్లిఫయర్లూ తీసేసి అసలు వాళ్ల సామాను సర్దడానికి దాదాపు అరగంట పడుతుంది, ఆ తర్వాతే లైట్లు ఆర్పి బ్రూక్స్ అండ్ డన్ వస్తారు. ఆ అరగంటలో హాలంతా లేచి బయటికొస్తుంది, సగం మంది రెస్ట్‌రూమ్‌కి, మిగతా సగం మన దగ్గరికి. మన డబ్బంతా అక్కడే. గేట్లు తెరిచాక ఒక గంట మోస్తరుగా ఉంటుంది, మొదటి ఆర్టిస్ట్ పాడేటప్పుడు కూడా జనం వస్తూ పోతూ ఉంటారు, అసలు వాళ్లు మొదలయ్యాక నడవా ఖాళీ. కాబట్టి బ్రేకులు తీసుకునే వాళ్లు మొదటి ఆర్టిస్ట్ టైమ్‌లో ఇద్దరిద్దరుగా వెళ్లి తినేసి రావాలి, సామాను మార్చే టైమ్‌కి 14 మందీ కౌంటర్ వెనకే ఉండాలి. ఆ అరగంటలో ఎవరికీ ఫోన్ రాకూడదు, ఎవరి ఇంట్లో గరాజ్ తలుపూ చెడిపోకూడదు.

సలహా మండలి, ప్లేనో:
పెద్దవాణ్ణి, ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. లక్ష్మీపూజ చేసే పండక్కి బీరమ్మిన డబ్బా? ముప్పై ఏళ్ల కింద ఈ సంఘం మొదలుపెట్టినప్పుడు పులిహోర ఇంట్లో వండుకుని తెచ్చి చేశాం, ఎవర్నీ ఏమీ అడగలేదు.

ట్రెజరర్:
నమస్కారం సర్. పూజ ఖర్చు ఈ డబ్బులోంచి ఒక్క డాలర్ కూడా ఉండదు, దానికి వేరే దాతలున్నారు, వేరే అకౌంట్. ఇది హాల్ అద్దెకీ సౌండ్ సిస్టమ్‌కీ మాత్రమే. ఇంకో సంగతి, మీరు పులిహోర తెచ్చిన రోజుల్లో వచ్చింది నలభై కుటుంబాలు సర్, ఇప్పుడు హాల్లో కూర్చోబెట్టడానికే ఫైర్ మార్షల్ (అగ్నిమాపక అధికారి) ఇంతమందే ఉండాలని పెట్టిన లెక్క చూసుకోవాల్సి వస్తోంది.

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్:
సర్, ప్రెట్జెల్, నిమ్మరసం స్టాండ్ కూడా ఇస్తామన్నారు. కానీ కంట్రీ షోలో దాని ముందు ఎవరు నిలబడతారు చెప్పండి. ఎలాగూ ఒక శనివారం పొద్దుపోయే వరకూ కాళ్లు పీకేలా నిలబడుతున్నాం, అదేదో అమ్ముడయ్యే చోటే నిలబడదామని నా అభిప్రాయం. ఇష్టం లేనివాళ్లని బలవంతం చేయం.

సలహా మండలి, ప్లేనో:
సరే. పూజ అకౌంట్ వేరు అన్న మాట మినిట్స్‌లో రాయించండి.

ఫుడ్ కమిటీ, ఇర్వింగ్:
అన్నయ్యా, హాట్ డాగ్‌ల సంగతేంటి? అవి బీఫ్ కదా. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం, నేను బాగా పని చేస్తాను కానీ అవి మాత్రం తాకలేను. నాలాంటివాళ్లు ఇంకో ముగ్గురు ఉన్నారు, అడగడానికి మొహమాటపడుతున్నారు.

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్:
మొహమాటం ఏం వద్దు చెల్లమ్మా, ముందే చెప్పడమే మంచిది, అక్కడికొచ్చాక చెబితేనే ఇబ్బంది. హాట్ డాగ్ రోలర్, నాచోస్ దగ్గర ముగ్గురుంటే చాలు, ఏ పట్టింపూ లేనివాళ్లనే అక్కడ పెడతాను. మీరు నలుగురూ రిజిస్టర్ (డబ్బులు తీసుకునే మెషిన్), పాప్‌కార్న్, సోడా మెషిన్ తీసుకోండి. రిజిస్టర్ వాళ్లు ట్రే అందించాల్సి రావచ్చు, కాగితంలో చుట్టే ఉంటుంది, గ్లవ్స్ ఇస్తారు. అదీ వద్దనుకుంటే సోడా వైపు ఉండండి. ఇంకా, గాజులు తీసేసి రావాలి, మంగళసూత్రం చొక్కా లోపలికి వేసుకోవాలి, నల్ల ప్యాంటు, జారని నల్ల బూట్లు. చీజ్, సోడా పడి నేల జిడ్డుగా ఉంటుంది, ఫ్యాన్సీ చెప్పులతో వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

కొత్త సభ్యురాలు, కాపెల్:
నేను హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను, ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) ఇంకా రాలేదు. మా వారు హెచ్1 (ఉద్యోగ వీసా). ఇద్దరం రావొచ్చా? ఇండియా నుంచి మా మామయ్య గారు కూడా వచ్చి ఉన్నారు, ఆయనకి ఖాళీగా కూర్చోవడం నచ్చదు.

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్:
అమ్మా, ఇది జాగ్రత్తగా చదవండి, మిగతావాళ్లు కూడా. మనం జీతం తీసుకోం, నిజమే. కానీ ఇది మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పని, పైగా సంఘానికి డబ్బులు వస్తున్నాయి. రేపు ఎవరి గ్రీన్ కార్డు ఫైల్లోనో దీని మీద ప్రశ్న వస్తే జవాబు చెప్పేది మనం కాదు. అందుకని సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, చెల్లుబాటులో ఉన్న హెచ్4 ఈఏడీ ఉన్నవాళ్లు మాత్రమే స్టాండ్‌లోకి. హెచ్1, ఎఫ్1 (స్టూడెంట్ వీసా), ఓపీటీ (స్టూడెంట్లకి ఇచ్చే తాత్కాలిక పని అనుమతి), విజిటర్లు వద్దు. ఎవరి లాయర్ అయినా ఫర్వాలేదన్నా సరే, కమిటీ రూల్ ఇదే.

కొత్త సభ్యురాలు, కాపెల్:
అర్థమైంది. కానీ ఇలాంటి ప్రతిసారీ "మీరు వద్దు" అనిపించుకోవడం బాధగానే ఉంటుంది. పండగ రోజు కుర్చీలు వేయడానికి మాత్రం మేమే గుర్తొస్తాం.

వైస్ ప్రెసిడెంట్:
మీరన్నదాంట్లో తప్పేం లేదమ్మా. నేనూ పదకొండేళ్లు హెచ్1 మీదే ఉన్నాను, ఆ మంట నాకు తెలుసు. కుర్చీల డ్యూటీ రొటేషన్ గురించి వచ్చే మీటింగ్‌లో నేనే ఎజెండాలో పెడతాను. దీనికి మాత్రం రూల్ మార్చలేం.

ఎంసీ (ప్రోగ్రామ్ యాంకర్), అలెన్:
బీరు అమ్మాలంటే లైసెన్స్ లాంటిది కావాలా?

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్:
టీఏబీసీ (టెక్సస్ మద్యం శాఖ) సర్టిఫికెట్. ఆన్‌లైన్‌లో రెండు గంటల కోర్సు, చివర పరీక్ష, రెండేళ్లు చెల్లుతుంది. బీరు పోసేవాళ్లకీ రిజిస్టర్ వాళ్లకీ ఉండాల్సిందే, కాబట్టి కనీసం పది మంది చేసి సర్టిఫికెట్ నాకు పంపండి. టెక్సస్‌లో మద్యం అమ్మాలంటే 18 నిండాలి, హైస్కూల్ పిల్లల్ని తీసుకొస్తామనే వాళ్లకి ఇదే జవాబు.

ఐడీ చూడటం గురించి ఒక చిట్కా. టెక్సస్‌లో 21 లోపు వాళ్ల లైసెన్స్ నిలువుగా ఉంటుంది, పెద్దవాళ్లది అడ్డంగా. నిలువుగా కనపడగానే ఆగి పుట్టిన తేదీ చదవండి. అయితే నిలువుది కదా అని వెంటనే తిప్పి పంపొద్దు, 21 దాటినా కార్డు ఇంకా మార్చుకోని పిల్లలుంటారు, తేదీయే లెక్క. తెల్ల గడ్డం ఉన్నాయన్ని కూడా అడగమని అరీనా వాళ్ల రూల్, ఆయన నవ్వుతాడు, మీరూ నవ్వి అడగండి. ఒకరికి ఒకసారి రెండే.

ఇక కప్పులు. ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు, దెబ్బ తగిలేదీ ఇక్కడే. స్టాండ్ తెరిచే ముందు బీరు కప్పులు, హాట్ డాగ్ ట్రేలు, పాప్‌కార్న్ డబ్బాలు అన్నీ లెక్కపెట్టి సంతకం పెట్టాలి, మూసేటప్పుడు మళ్లీ లెక్క. తగ్గిన ప్రతి కప్పూ అమ్మినట్టే లెక్క, రిజిస్టర్‌లో ఆ డబ్బు లేకపోతే మన వాటాలోంచి పోతుంది. చిట్లిన కప్పు చెత్తబుట్టలో పడేయొద్దు, నురగ ఎక్కువై పారబోసినా కప్పు మాత్రం పక్కన పెట్టండి, చివర్లో చూపించాలి. ఎవరైనా మంచినీళ్లకి కప్పు అడిగితే ఆ చిన్న పారదర్శక కప్పులు ఇవ్వండి, బీరు కప్పు ఇవ్వొద్దు. పోయింది మన జాలిగుణం వల్లే అయినా, పోయింది పోయినట్టే.

కల్చరల్ కమిటీ:
ఇది కాస్త పక్క విషయం, అయినా సందర్భం వచ్చింది కాబట్టి. దీపావళి ప్రోగ్రామ్‌లో మా మిడిల్ స్కూల్ పిల్లలు బ్రూక్స్ అండ్ డన్ పాట బూట్ స్కూటిన్ బూగీకి లైన్ డాన్స్ (వరసల్లో నిలబడి అందరూ ఒకే అడుగులు వేసే డాన్స్) చేస్తామంటున్నారు, స్కూల్లో పీఈ (ఆటల) క్లాసులో నేర్పారట. పెట్టమంటారా?

ఎంసీ, అలెన్:
పెట్టండి అక్కా. 1992లో అమెరికా అంతా లైన్ డాన్స్ పిచ్చి పట్టించిన పాటల్లో అదొకటి. తమాషా ఏంటంటే బ్రూక్స్ అండ్ డన్ కంటే ముందే ఆస్లీప్ అట్ ద వీల్ అనే టెక్సస్ బ్యాండ్ రికార్డు చేసింది, పేరు మాత్రం వీళ్లకొచ్చింది.

కల్చరల్ కమిటీ:
కోలాటం టీమ్ అమ్మలు కూడా నేర్చుకుంటామన్నారు, వాళ్లకి అడుగులు ఇట్టే వచ్చేశాయి. పిల్లలకి కాళ్లు అడ్డం పడుతుంటే వీళ్లు చప్పట్లతో సహా చేసేస్తున్నారు. అయితే ఐదు నిమిషాలకి మించి స్లాట్ ఇవ్వను, మొన్న ఉగాదికి ప్రోగ్రామ్ ఆలస్యమై భోజనాలు తొమ్మిదిన్నరకి పెట్టాం.

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్:
ఇవి వేరే థ్రెడ్‌లో మాట్లాడుకోండి ప్లీజ్. ఇక్కడ టైమింగ్స్ రాస్తున్నా. స్టాఫ్ గేటు దగ్గర మధ్యాహ్నం 3:30కి రిపోర్ట్. గేట్లు 6:30కి తెరుస్తారు. షో 7:30. బ్రూక్స్ అండ్ డన్ తొమ్మిది ప్రాంతంలో. షో అయిపోయే ముందే బీరు ఆపేయమని చెబుతారు, ఎప్పుడన్నది స్టాండ్ మేనేజర్ ఆ రోజే చెబుతాడు, అక్కడ "సార్ ప్లీజ్ లాస్ట్ వన్" అని బతిమాలే కౌబాయ్‌లకి ఎంసీ గారిని ముందుకి తోస్తాను, ఆయనకే అలవాటు. శుభ్రం చేసి లెక్కలు అప్పజెప్పి బయటపడేసరికి పన్నెండు. ఇయర్ ప్లగ్స్ తెచ్చుకోండి. మామూలు బ్యాగులు రానివ్వరు, లోపలున్నవి కనపడే ప్లాస్టిక్ బ్యాగే. టిప్స్ ఎవరి జేబులోకీ వెళ్లవు, అన్నీ సంఘానికే.

ట్రెజరర్:
పార్కింగ్ పాస్‌లు ఎన్ని ఇస్తున్నారు?

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్:
నాలుగే. అందుకే రెండు వ్యాన్లు ఫ్రిస్కో గుడి దగ్గర్నుంచి, రెండు కార్లు ఇర్వింగ్ నుంచి, మధ్యాహ్నం 2:15కి బయల్దేరతాయి. స్టాండ్‌లోకి రాలేని వాళ్లు అడిగారు కదా ఏం చేయమంటారని, రాత్రికి అందరికీ పెరుగన్నం, పులిహోర డబ్బాలు కట్టి వ్యాన్లలో పెట్టిస్తే చాలా పెద్ద సాయం, కాపెల్ వాళ్లు చేస్తామన్నారు.

ఫుడ్ కమిటీ, ఇర్వింగ్:
ఆవకాయ ముక్క కూడా వేయండి, మేం నలుగురం నాచోస్ వాసనకే సగం నీరసపడిపోతాం.

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్:
షీట్‌లో ఇప్పటికి పదకొండు పేర్లున్నాయి, అందులో టీఏబీసీ సర్టిఫికెట్ పంపింది ఆరుగురు. ఇంకా ముగ్గురు కావాలి. గురువారం రాత్రికి పేర్లు అరీనాకి పంపేస్తా, తర్వాత మార్చడం కుదరదు.

వైస్ ప్రెసిడెంట్:
నేనూ మా ఆవిడా రాసుకోండి. ఆవిడకి రిజిస్టర్ ఇవ్వండి, నన్ను ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు. కోర్సు ఈ రాత్రే చేసేస్తాం.

ఫండ్‌రైజింగ్ కోఆర్డినేటర్:
అయితే మీరు హాట్ డాగ్ రోలర్ దగ్గర. ఇంకొక్కరు కావాలి, సర్టిఫికెట్ ఇప్పటికే ఉన్నవాళ్లయితే మంచిది.