ఈటీ తగ్గిస్తే సస్పెన్షన్‌కి నిజంగా నష్టమా?

స్టాక్‌వీల్:
నా కారుకి ఇప్పుడున్నవి ఈటీ 45, 15 అంగుళాల అల్లాయ్‌లు (ఈటీ అంటే ఆఫ్‌సెట్: చక్రం హబ్‌కి, అంటే దాన్ని బిగించే భాగానికి, ఆనే ముఖం రిమ్ మధ్యగీత నుంచి ఎన్ని మి.మీ. బయటి వైపు ఉందో; అది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది). ఈటీ 25 ఉన్న 16 అంగుళాలవి నచ్చాయి. టైరు 185/65 నుంచి 195/55 అవుతుంది, మొత్తం ఎత్తు దాదాపు అదే 621 మి.మీ. వేయొచ్చా?

గేర్‌పిచ్చి:
వద్దు బ్రదర్. చక్రం 20 మి.మీ. బయటికి జరిగితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు అడుగుకి కలిపే కడ్డీ) మీద లీవర్ పెరిగి స్ప్రింగ్ మెత్తబడుతుంది. క్యాంబర్ కూడా పోతుంది.

నట్టుబోల్టు:
వద్దనే నేనూ అంటాను, కానీ కారణం అది కాదండీ. క్యాంబర్ అంటే హబ్ వాలు. చక్రం మార్చినంత మాత్రాన అది మారదు. లీవర్‌ని కూడా ఆర్మ్ బుష్ (ఆర్మ్ కారుకి కలిసే కీలు) నుంచి కొలవకూడదు. చక్రం ఆ క్షణంలో ఏ బిందువు చుట్టూ తిరుగుతోందో అక్కడి నుంచి కొలవాలి. మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే కాలుగా ఉండే సస్పెన్షన్) లో ఆ బిందువు సాధారణంగా చాలా దూరంగా ఉంటుంది. రెండు మీటర్లు అనుకుంటే 20 మి.మీ. అంటే 1 శాతం. స్ప్రింగ్ మెత్తబడటం లీవర్ వర్గం లెక్కన, అంటే 2 శాతం. నడిపేవాళ్లకి అది తెలియను కూడా తెలియదు.

దెబ్బ తగిలేది స్టీరింగ్‌కి. స్టీరింగ్ తిరిగే అక్షాన్ని నేలదాకా పొడిగిస్తే, టైరు మధ్యగీతకి ఎంత దూరంలో పడుతుందో అదే స్క్రబ్ రేడియస్. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో దీన్ని కావాలనే కాస్త నెగటివ్‌లో పెడతారు. ఒక పక్క టైర్లు ఇసుక మీద ఉండగా గట్టిగా బ్రేక్ తొక్కినా కారు దానంతట అదే సర్దుకోవడానికి. 20 మి.మీ. బయటికి తెస్తే అది పాజిటివ్ అయిపోయి, పట్టున్న వైపుకే స్టీరింగ్ లాగుతుంది. నేను 15 మి.మీ. స్పేసర్లు (చక్రానికీ హబ్‌కీ మధ్య పెట్టే పలకలు) వేసి చూశాను. ప్రతి గుంతా చేతులకి తగిలేది, నెలకే తీసేశాను. హబ్ బేరింగ్ మీద భారం పెరగడం వేరే.

గేర్‌పిచ్చి:
మరి ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) 40 మి.మీ. పెరిగితే మలుపుల్లో మంచిదే కదా?

నట్టుబోల్టు:
మంచిదే, ఒరగడం కొంచెం తగ్గుతుంది. ఆ కొంచెం కోసం బ్రేక్ వేసినప్పటి నిలకడ పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

స్టాక్‌వీల్:
ఈటీ 40 కూడా దొరుకుతోంది. రిమ్ వెడల్పు 6 నుంచి 6.5 అవుతుంది.

నట్టుబోల్టు:
అది వేయండి. రిమ్ బయటి అంచు 11 మి.మీ. బయటికి వస్తుంది, లోపలి అంచు స్ట్రట్ వైపు 1 మి.మీ. మాత్రమే వెళ్తుంది. కానీ పాతదీ కొత్తదీ రెండూ తూచి చూడండి. చక్రం బరువెక్కితే డ్యాంపర్లకి (షాక్ అబ్జార్బర్లకి) పని పెరుగుతుంది. బిగించాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, కారు నిండా మనుషుల్ని కూర్చోబెట్టి, ఫెండర్ లైనర్‌కి (చక్రం పైనుండే లోపలి తొడుగుకి) రాసుకుంటోందేమో చూడండి.