వెబ్ డిజైన్ పనికి నెలనెలా చందా లేని సాఫ్ట్‌వేర్ ఏది సరిపోతుంది?

ప్రశ్న

నేను ఒంటరిగా పనిచేసుకునే వెబ్ డిజైనర్‌ని. చిన్న వ్యాపారాలకు ఐదారు పేజీల సైట్లు రూపొందించి, వాటిని కోడ్ రాసే మిత్రుడికి అప్పగిస్తాను. ఇంతవరకు చందా కట్టి వాడుతున్న ప్యాకేజీలో ఎన్నో సాఫ్ట్‌వేర్లు ఉన్నా నేను తెరిచేవి రెండే: ఫోటోలు సరిదిద్దడానికి ఒకటి, లోగోలూ ఐకాన్లూ గీయడానికి ఇంకొకటి. పేజీ లేఅవుట్ కూడా ఆ ఫోటోల సాఫ్ట్‌వేర్‌లోనే లాక్కొస్తున్నాను. పని లేని నెలల్లోనూ చందా కట్టవలసి రావడం భారంగా ఉండటంతో, గడువు ముగిసే వచ్చే నెలలో దాన్ని ఆపేద్దామనుకుంటున్నాను. అయితే క్లయింట్లు పంపే పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైళ్లు తెరవగలగాలి, మిత్రుడికి కొలతలూ రంగులూ స్పష్టంగా ఇవ్వగలగాలి. ఇవన్నీ చేసే ఒకే సాఫ్ట్‌వేర్ ఉందా?

మొదటి సమాధానం

ఒకే సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం మానేస్తేనే మీ ఖర్చు తగ్గుతుందని నా అభిప్రాయం. లేఅవుట్, బొమ్మలు గీయడం, ఫోటోలు దిద్దడం అనేవి మూడు వేర్వేరు పనులు. మూడింటికీ విడివిడిగా మంచి ఉచిత సాధనాలున్నాయి.

లేఅవుట్‌కు ఫిగ్మా, పెన్‌పాట్ రెండూ బ్రౌజర్‌లోనే నడుస్తాయి. ఫిగ్మా నేర్పే పాఠాలు, రెడీమేడ్ కిట్లు ఎక్కువగా దొరుకుతాయి. ఉచిత ప్లాన్‌లో బృందానికి మూడు డిజైన్ ఫైళ్లే ఇస్తారు గానీ, సొంత డ్రాఫ్టులకు ఆ పరిమితి లేదు. అయితే కోడ్ రాసేవారికి పనికొచ్చే డెవ్ మోడ్ బీటా (పరీక్షల) దశలో ఉచితంగా ఉండి, 2024 నుంచి చెల్లింపు ప్లాన్లకే పరిమితమైంది. పెన్‌పాట్ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచినది) కాబట్టి కావాలంటే మీ సొంత సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. అందులోని ఫ్లెక్స్, గ్రిడ్ లేఅవుట్లు (పేజీలోని భాగాలను వరుసల్లో, గళ్లలో అమర్చే పద్ధతులు) సైటు రూపాన్ని నిర్దేశించే కోడ్ అయిన సీఎస్‌ఎస్‌లో ఉన్నట్టే పనిచేస్తాయి. ఒక బటన్‌ను ఎంచుకుని ఇన్‌స్పెక్ట్ ట్యాబ్ తెరిస్తే ప్యాడింగ్ (అంచుకూ అక్షరాలకూ మధ్య ఖాళీ) ఎంత, మూలల గుండ్రం ఎంత, రంగు కోడ్ ఏమిటి అన్నవన్నీ సీఎస్‌ఎస్ రూపంలోనే కనిపిస్తాయి, వాటికి వేరే రుసుము లేదు. ఫైలు మరీ పెద్దదైతే కాస్త నెమ్మదిస్తుందనే మాట నిజమే. ఐదారు పేజీల సైట్లకు నాకెప్పుడూ ఆ ఇబ్బంది రాలేదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, బొమ్మల సంగతి చెబుతాను. లోగోలకూ ఐకాన్లకూ ఇంక్‌స్కేప్ నిశ్చింతగా వాడవచ్చు, ఎందుకంటే దాని సొంత ఫార్మాటే ఎస్‌వీజీ, అంటే ఎంత పెద్దది చేసినా మసకబారని గీతల బొమ్మ. బ్రౌజర్ చదివేదీ అదే. కొత్తవారు తరచూ ఒక చోట బోల్తా పడతారు. కొత్త ఫైలు మామూలుగా ఎ4 పేజీతో తెరుచుకుంటుంది; మధ్యలో చిన్న లోగో గీసి అలాగే సేవ్ చేస్తే పేజీ మొత్తం వెంట వస్తుంది, సైట్‌లో పెట్టినప్పుడు లోగో ఎక్కడో చీమంత కనిపిస్తుంది. లోగోను ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కితే పేజీ లోగో అంచుల వరకు కుదించుకుంటుంది. ఆ తరువాత అక్షరాలను పాత్‌గా (గీసిన గీతలుగా) మార్చి, ప్లెయిన్ ఎస్‌వీజీగా సేవ్ చేయండి. పాత్‌గా మార్చకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో లోగో అక్షరాలే మారిపోతాయి. అక్షరాలు మళ్లీ దిద్దుకోవడానికి అసలు ఫైలును విడిగా ఉంచుకోవడం మరవకండి.

ఫోటోలకు గింప్ ఉంది. సీఎంవైకే (అచ్చు సిరాల రంగుల పద్ధతి) సరిగా లేదని దాన్ని తీసిపారేసే వారున్నారు గానీ, అది అచ్చు పనికి సంబంధించిన లోటు. తెరపై చూపే పనంతా తెరల రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీలోనే సాగుతుంది. 2025 మార్చిలో వచ్చిన 3.0 నుంచి ఫిల్టర్లను తరువాత కూడా మార్చుకునే వీలు ఏర్పడింది. పీఎస్‌డీలకు మాత్రం నేను ఫోటోపీ వాడతాను. అది బ్రౌజర్‌లో తెరుచుకున్నా ఫైలును సర్వర్‌కు పంపకుండా మీ కంప్యూటర్‌లోనే చదువుతుంది, లేయర్లు చాలావరకు చెక్కుచెదరవు. పక్కన కనిపించే ప్రకటనలను భరించాలి, అంతే.

మూడవ సమాధానం

ఉచితమన్న మాట దగ్గరే ఆగిపోకుండా, రేపు ఆ సంస్థ మనసు మార్చుకుంటే మీ ఫైళ్ల గతి ఏమిటో కూడా ఆలోచించాలి. అడోబీ సంస్థ ఫైర్‌వర్క్స్‌ను వెబ్ పనికని ఎందరో ఇష్టంగా వాడేవారు. 2013లో దాని అభివృద్ధిని ఆపేశారు. అదే సంస్థ లేఅవుట్ సాధనం ఎక్స్‌డీని 2023లో విడిగా అమ్మడం మానేశారు. ఒకసారి కొంటే చాలన్న పేరున్న డిజైన్ సాఫ్ట్‌వేర్ అఫినిటీని 2024లో కాన్వా అనే డిజైన్ సంస్థ కొన్నది, 2025 అక్టోబర్‌లో ఉచితం చేసింది. ఉచితం కావడం సంతోషమే గానీ, అందుకు కాన్వా ఖాతా ఉండాలి. ఫిగ్మా నుంచి దించుకున్న ఫైలు దాని సొంత ఫార్మాట్‌లో ఉంటుంది, మిగతా సాధనాలన్నీ దాన్ని తెరవలేవు.

కాబట్టి చందా ఆగే లోపు ఒక ఆదివారం కూర్చుని, పాత లోగోలన్నిటినీ ఎస్‌వీజీగాను, పేజీ డిజైన్లను పీడీఎఫ్‌గాను, ఫోటోలను పూర్తి సైజులో పీఎన్‌జీగాను తీసి పెట్టుకోండి. గడువు ముగిశాక తీరిగ్గా చేద్దామనుకుంటే ఆ ఫైళ్లను తయారుచేసిన సాఫ్ట్‌వేరే మీ దగ్గర ఉండదు. మరొక మాట: నెలనెలా కడుతున్న చందా నిజానికి ఏడాది ఒప్పందమా, గడువు కాగానే తనంతట తాను కొనసాగుతుందా అన్నది ఖాతా పేజీలో ఇప్పుడే చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. పెన్‌పాట్, ఇంక్‌స్కేప్, ఫోటోపీలతో చేతిలో ఉన్న ఒక సైటును మొదటినుంచి చివరిదాకా చేసి చూసి, ఆ తరువాతే చందా ఆపుతాను. ఒక చిన్న సందేహం: కొందరు క్లయింట్లు లోగోను ఇలస్ట్రేటర్ ఫైలుగా పంపుతారు. ఇంక్‌స్కేప్ దాన్ని తెరుస్తుందా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

పీడీఎఫ్ అనుకూలతతో సేవ్ చేసిన ఫైలైతే తెరుస్తుంది, ఎందుకంటే ఇంక్‌స్కేప్ దాన్ని పీడీఎఫ్‌లాగే చదువుతుంది. ఆ అనుకూలత ఎంపిక దగ్గర టిక్ తీసేసి సేవ్ చేసి ఉంటే తెరుచుకోదు. అప్పుడు ఎస్‌వీజీ గానీ పీడీఎఫ్ గానీ పంపమని క్లయింటునే అడగండి, వారికి అది నిమిషం పని.