డిశ్చార్జి తర్వాత మందులు, పరీక్షలు ఎలా?

ప్రశ్న: మా నాన్నగారికి కర్నూలు పెద్దాసుపత్రిలో గుండెకు స్టెంటు వేసి ఇంటికి పంపారు. మాది ఆలూరు దగ్గర పల్లె కావడంతో ప్రతిసారీ అంత దూరం తీసుకురావడం కష్టంగా ఉంది. దగ్గర్లో చూపించుకోవచ్చా?

జవాబు: అన్నగారూ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను, నొప్పి తగ్గింది కదా అని, డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానకండి; స్టెంటు మూసుకుపోతే ప్రాణానికే ముప్పు. చికిత్స ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగి ఉంటే, కొన్ని జబ్బులకు ఏడాది వరకు పరీక్షలు, మందులు ఉచితంగా అందుతాయి కనుక, డిశ్చార్జి కాగితం చూపి, ఆసుపత్రిలో ఈ పథకం సాయానికి ఉండే ఆరోగ్యమిత్రను అడగండి.

మరో జవాబు: బీపీ, షుగరు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చూస్తారు. డిశ్చార్జి కాగితం నకలు ఆశా కార్యకర్తకు ఇవ్వండి.

ఇంకొకరు: చదువురాని పెద్దవారైతే, మాత్రల అట్టలపై పొద్దునకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ గీసి ఇవ్వండి.