డీసీసీ మోడల్ రైలు లేఅవుట్‌లో ఓల్టేజ్ బానే ఉంది, ఇంజిన్ మాత్రం మాట వినట్లేదు

గూడ్స్‌బండి:
అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు సైజు), గది చుట్టూ లూప్, ఒక చివర చిన్న యార్డు. ఇన్నాళ్లూ డీసీ మీద (పట్టాల ఓల్టేజ్ పెంచి తగ్గించి) నడిపా, ఈమధ్యే డీసీసీకి (పట్టాల్లోంచే ఇంజిన్‌కి డిజిటల్ ఆర్డర్లు పంపే పద్ధతి) మార్చా. కమాండ్ స్టేషన్ (ఆర్డర్లు పంపే బాక్స్) దగ్గర ఇంజిన్ బుద్ధిగానే ఉంటది, యార్డు వైపు వెళ్లేసరికి స్పీడ్ తగ్గించినా తగ్గదు, హారన్ ఒక్కోసారి మోగదు, నిన్నైతే ఉన్నట్టుండి ఫుల్ స్పీడ్‌లో దూసుకెళ్లింది, స్టాప్ నొక్కినా ఆగలేదు, చేత్తో పట్టుకోవాల్సొచ్చింది. పట్టాలు ఐపీఏతో (క్లీనింగ్ ఆల్కహాల్) తుడిచా, మల్టీమీటర్ పెడితే యార్డులో కూడా 15 ఓల్టులు. ఇంకేం చూడాలి?

నైట్‌ప్యాసింజర్:
ముందు రూపాయి బిళ్ళ టెస్ట్ చెయ్ బ్రో. యార్డు చివర రెండు పట్టాల మీద బిళ్ళ అడ్డంగా పెట్టు, బూస్టర్ (పట్టాలకి కరెంటు ఇచ్చే బాక్స్) వెంటనే ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే బిళ్ళ తీసెయ్ వెంటనే, అక్కడికి వెళ్లే వైరో, పట్టాలు కలిపే జాయినరో సరిగా లేదన్నట్టు. లోడ్ లేనప్పుడు మీటర్ 15 చూపించడం పెద్ద విషయం కాదు. జాయినర్లని నమ్ముకోకుండా ప్రతి మూడు నాలుగు అడుగులకీ ఫీడర్ (బస్ నుంచి పట్టాకి వెళ్లే చిన్న వైరు) వెయ్యి, కింద బస్‌కి (లేఅవుట్ అంతా వెళ్లే మెయిన్ వైర్లు) 2.5 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరు చాలు.

సిగ్నల్‌క్యాబిన్:
పైన చెప్పింది కరెక్టే, కానీ లక్షణాలు చూస్తే నాకు వేరే అనుమానం. డీసీసీలో పట్టాల మీద వెళ్లేది ఉత్త కరెంటు కాదండి, దాంట్లోనే ఆర్డర్లు కూడా ఉంటాయి. 1 బిట్‌కి ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు, 0కి 100 లేదా ఎక్కువ, డీకోడర్ (ఇంజిన్ లోపలి చిప్) ఈ తేడా చూసే చదువుకుంటుంది. అంచులు పదునుగా లేకపోతే దానికి ఏదీ అర్థం కాదు, మీటర్‌కి ఇదేం కనపడదు. డీసీ రోజుల నాటి పవర్ క్లిప్ ఇంకా ట్రాక్‌కి ఉందా? పాత అనలాగ్ సెట్ల క్లిప్పుల్లో టీవీ రేడియో డిస్టర్బెన్స్ రాకుండా కెపాసిటర్ పెట్టేవాళ్లు, అది డీసీసీ సిగ్నల్‌ని పాడుచేస్తుంది. విప్పి చూడండి.

ఇంకా సీవీ 29 (డీకోడర్‌లో ఒక సెట్టింగ్) చూడండి. చాలా డీకోడర్లలో 6 ఉంటుంది, అంటే అనలాగ్ మోడ్ కూడా ఆన్. సిగ్నల్ అర్థం కాకపోతే డీసీ ట్రాక్ అనుకుని పరిగెడుతుంది. ఇంజిన్‌ది చిన్న అడ్రస్ (దాని నంబర్) అయితే 2 పెట్టండి, నాలుగంకెల అడ్రస్‌లో 38 ఉంటే 34. కానీ ఇది పరుగుని ఆపుతుందంతే, అసలు రోగం వైరింగ్‌లోనే వెతకాలి.

గూడ్స్‌బండి:
ఉంది అన్నా!! యార్డు దగ్గర పాత క్లిప్ అలాగే ఉంది, విప్పితే లోపల చిన్న కెపాసిటర్. దాన్ని కట్ చేశా, సీవీ 29 కూడా 2 చేశా, ఇప్పుడు యార్డు లోపల ఒక్కో స్టెప్పూ వింటోంది, హారన్ నొక్కిన ప్రతిసారీ మోగుతోంది, చాలా చాలా థాంక్స్. బిళ్ళ టెస్ట్‌లో ఒక సైడింగ్ ట్రిప్ అవ్వట్లేదు, దానికి ఫీడర్ వేస్తా. ఒక డౌట్, బస్ చివర స్నబ్బర్ పెట్టమంటారు కదా, అందులోనూ కెపాసిటరే ఉంటది, అది పాడుచెయ్యదా?

సిగ్నల్‌క్యాబిన్:
దాంట్లో కెపాసిటర్‌తో సిరీస్‌లో రెసిస్టర్ ఉంటుంది, అదే తేడా. 0.1 మైక్రోఫారడ్, 100 ఓమ్‌లు, రెసిస్టర్ రెండు వాట్లది తీసుకోండి, చిన్నది వేడెక్కుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో రెండూ దొరుకుతాయి. పొడవు బస్‌లో వచ్చే ఓల్టేజ్ స్పైక్‌లని అది మింగేస్తుంది. మీది ఒక్క గదే కదా, బస్ 30 అడుగులు దాటకపోతే రెండు వైర్లూ మెలిపెట్టి వదిలెయ్యండి, చాలు.